నూతుల ఎర్రన్న ఇచ్చిన మాట

మా జమ్మివలసలో ఇరవైమూడు నూతులున్నాయి. పంతొమ్మిది ఎర్రన్న తవ్వినవి. మిగతా నాలుగూ వాళ్ళ నాన్న తవ్వినవి. మనిషిని చూస్తే ఇన్ని నూతులు తవ్వినవాడని ఎవరూ అనుకోరు. పొట్టి మనిషి, సన్నటి కాళ్ళు, వయసు యాభై దాటింది. నడిచేటప్పుడు తల ఎత్తడు. దారిలో ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా నేలను చూస్తూ నడుస్తాడు.

"మావా, ఏటి పారేసుకున్నావు?" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "నాను పారేసుకోనేదురా. ఈ బూమి ఏటి దాసుకున్నాదో సూస్తన్నాను" అనేవాడు.

నిజంగానే చూసేవాడు. ఎండాకాలంలో ఎక్కడి గడ్డి ఆఖరున ఎండుతుందో, ఏ పుట్టలో మట్టి తడిగా ఉంటుందో అతనికి తెలుసు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటిజాడ చెప్పేవాళ్ళంటే అతనికి మంట. "కాయ సెట్టు మీద కాసినాది. కింద సంగతి దానికేటి తెలుస్తాది?" అని వాళ్ళ మొహం మీదే అడిగేవాడు.

ఎర్రన్నకు కాగితం మీద ఒప్పందాలు లేవు. నూతిలో నీరు పడి, చుట్టూ రాతికట్టు పూర్తయ్యాక ఆ ఇంటి ఆడమనిషికి ఒక మాట ఇచ్చేవాడు. "నాను బతికున్నన్నాళ్ళూ ఈ నూతిలో నీరు దిగిపోతే నన్ను పిలు. మళ్ళీ తవ్వుతాను. కూలి అడగను. కూడెట్టు, సాలు." దీన్ని మా ఊళ్ళో నీళ్ళమాట అంటారు. తండ్రి పోయాక ఆ నాలుగు నూతుల మాట కూడా ఎర్రన్న మీదికే వచ్చింది. అతను ఊ అనలేదు, ఊహూ అనలేదు. అది అతనిదేనని ఊరంతా అనుకుంది, అతనూ అనుకున్నాడు.

ఇరవై ఏళ్ళలో ఆ మాట మీద అతన్ని పిలిచింది రెండే రెండుసార్లు. తర్వాత కంపెనీ వచ్చింది.

కంపెనీ పేరు నేను రాయను. మా ఊరికి తూర్పున రెండు మైళ్ళలో మాంగనీసు కోసం గొయ్యి తీసింది. నల్లరాయి లారీల్లో స్టేషనుకు పోయి, అక్కణ్ణించి వ్యాగన్లలో విశాఖపట్నం రేవుకు పోతుంది. గొయ్యి లోతు పెరిగిన కొద్దీ అడుగున నీరు ఊరుతుంది. ఆ నీటిని డీజిలు ఇంజన్లు పెట్టి రాత్రీ పగలూ తోడి గెడ్డలోకి వదులుతారు. గెడ్డ నల్లగా పారుతుంది. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటాయి.

అరవైఆరులో మా ఊరి ఆడవాళ్ళు చేంతాళ్ళకు ఒక బార అతికించుకున్నారు. అరవైఏడులో ఇంకో రెండు బారలు. వానలు లేక అనుకున్నాం. వాన పడినా తాడు పొడుగు తగ్గలేదు. అప్పటికి నేను విజయనగరంలో బి.ఏ. రెండో ఏడు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి పడ్డాను. ఎందుకు వదిలేశానంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. ఊళ్ళో పని లేదు కనక ఎర్రన్న నూతిలో దిగినప్పుడు పైన తాడు పట్టేవాణ్ణి. నాతోపాటు పోతురాజు, లక్ష్ముడు, గంగులు.

ఆ ఏడాది తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఎర్రన్నను పిలిచారు. తొమ్మిదింటికీ వెళ్ళాడు. తన ఎకరం చేను దున్నుకోవడం మానేసి మరీ వెళ్ళాడు. భార్య దాలమ్మ వీధిలో నిలబడి తిట్టేది.

"ఓలమ్మో, సూడండి ఈ దానకర్నుడ్ని! నీరు తాగీసింది కంపెనీ, తవ్వీది నా మొగుడు! ఆ మాటేదో ఇంజినుకి సెప్పరాదా?"

"ఇంజినుకి నాను మాటియ్యనేదే" అని పలుగు భుజాన వేసుకుని పోయేవాడు ఎర్రన్న.

అరవైఎనిమిది చైత్రంలో మరిడమ్మ పిలిచింది. ఆవిడకు మొగుడు లేడు. ఎకరంపావు మెట్ట, దాని మధ్యలో ఈ నుయ్యి. మిరప, వంగ వేసి చీపురుపల్లి సంతకు నెత్తిన మోసుకెళ్ళి అమ్ముకుంటుంది. నుయ్యి ఎండితే మొక్క ఎండుతుంది. మొక్క ఎండితే ఆవిడ కూలికి పోవాలి, పోవడమంటే ఆ కంపెనీ గోతికే. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో ఆవిడ సంతలో చూసింది.

ఆరు మనిషి నిలువుల నుయ్యి. ఎర్రన్న ఇంకో మూడు నిలువులు దిగాడు. పదిహేనో రోజు కింద పలుగు చప్పుడు మారింది. కాసేపటికి తట్ట పైకి వచ్చింది. మామూలు తట్టను ఇద్దరం లాగేవాళ్ళం. ఇది నలుగురికి బరువైంది. పైన తడిమట్టి కప్పి ఉంది.

"ఆ తట్ట ఎవుళ్ళకీ సూపించకండి" అని లోపలినుంచి అరిచాడు.

పైకొచ్చి మట్టి తీసి చూపించాడు. నీలం కలిసిన నలుపు, విరిచిన చోట మెరుపు. పిడికెడు రాయి నాలుగు పిడికిళ్ళ బరువుంది. నూతి గోడలో మోకాలెత్తు పట్టీ, పడమటికి సాగిపోయి ఉందన్నాడు. ఆ పట్టీ కిందనుంచే నీరు ఊరుతోంది. పడమట ఉన్నది మా ఊరే.

మరిడమ్మ నేల మీద కూలబడింది. "బావా, ఈ సంగతి ఆళ్ళకి తెలిస్తే?"

"మన ఊళ్ళో గొయ్యి తీస్తారు. ఇరవైమూడు నూతుల్లో ఒక్క దాన్లోనూ కడవ మునగదు."

ఆరుగురమే ఉన్నాం. ఎర్రన్న, నేను, పోతురాజు, లక్ష్ముడు, గంగులు, మరిడమ్మ. ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. తవ్విన నల్లరాయినంతా ఆవిడ దొడ్లో గొయ్యి తీసి పూడ్చాం. పైన పేడ పోశాం. వేసవి పోయాక ఆ పట్టీ మీద రాతికట్టు కట్టేస్తే చూసేవాడికి కూడా కనపడదన్నాడు ఎర్రన్న. అన్నీ చేశాం. ఒక్కటి మాత్రం చెయ్యలేదు.

మా ఊళ్ళో కొత్తనీరు పడితే, సరిగ్గా నీరు ఊరిన చోటునుంచి తీసిన రాయిని కడిగి, పసుపు రాసి గుమ్మం పక్కన పెట్టుకుంటారు. గంగరాయి అంటారు. అది లేకపోతే నీరు నిలవదని నమ్మకం. ఆ రాయిని ఎర్రన్నే తన చేత్తో మరిడమ్మకు ఇచ్చాడు. ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకుంది. రాళ్ళన్నీ పూడ్చిన మా నలుగురికి ఈ రాయి సంగతి తట్టనే లేదు. అది మాకు రాయి కాదు మరి.

కంపెనీ ఇంజనీరు పేరు నరసింగరావు. నలభై ఏళ్ళుంటాయి, మన ప్రాంతంవాడు కాదు. నడుముకు చిన్న సుత్తి, తలకు టోపీ. చెడ్డవాడని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అంతకు ముందే రెండుసార్లు జీపులో ఎర్రన్న ఇంటికి వచ్చాడు.

"ఎర్రన్నా, ఈ ఊరి కింద ఏముందో నీకు తెలిసినంత నా పుస్తకాలకు తెలీదు. మేస్త్రీగా రా. నెలజీతం. నూతుల్లోకి దిగే పని ఉండదు."

"నాకు తెలిసింది నీరొక్కటే బాబూ. రాయి అడ్డొస్తే తీసి పారేస్తాను. పేరడగను."

నరసింగరావు నవ్వి వెళ్ళిపోయాడు. వైశాఖంలో ఒకరోజు ఎండలో తిరిగి తిరిగి మరిడమ్మ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఆవిడ చెంబు తెచ్చేలోగా గుమ్మం పక్క చూశాడు. రాయిని ఎత్తాడు. రుమాలుతో ఒక మూల పసుపు తుడిచాడు.

"బాబూ, అది దేవుడు!" అంది మరిడమ్మ.

"దేవుడేనమ్మా. చాలా బరువైన దేవుడు" అన్నాడు. రాయిని ఉన్నచోటే పెట్టాడు. నీళ్ళు తాగాడు. ఇంకేమీ అడగలేదు. పెరటి వైపు ఒకసారి చూసి జీపెక్కాడు.

ఆ సాయంత్రమే మరిడమ్మ నూతి మీద తాటిదుంగలు వేసి, గోనెలు పరిచి, ముళ్ళకంప కప్పేసింది. మూడు రోజులు కడవ ముంచలేదు. ఇరుగింటివాళ్ళ నూతిలో నీళ్ళు తెచ్చుకుంది. మిరపమొక్కలు తలలు వాల్చేశాయి. ఎర్రన్న దాలమ్మ పుట్టింటి ఊరు వెళ్ళి ఉన్నాడు. మూడోనాటి పొద్దున్న తిరిగొచ్చాడు. పది గంటలకు జీపు వచ్చింది. ఇంజనీరు, ఇద్దరు బంట్రోతులు, ఒక కాగితం.

"మెట్ట మీద పండేది మీదే. కిందున్నది సర్కారుది. చూడడానికి నాకు అనుమతి ఉంది" అని కాగితం నాకిచ్చాడు. చదివాను. ఉంది.

బంట్రోతులు కంప లాగేశారు. ఎర్రన్న నూతిలోకి వంగి వాసన చూశాడు. అతని మొహం మారిపోయింది. మరిడమ్మ వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళైనాది మూసీసి?"

"మూడ్రోజులు బావా."

లాంతరు వెలిగించి తాడుకు కట్టి వదిలాడు. అయిదు నిలువులు దిగింది. ఆరు. ఏడో నిలువు దగ్గర దీపం చిన్నదై, మిణుకుమని, ఆరిపోయింది.

"పాడుగాలి పట్టీసింది బాబూ. గంట ఆగండి. నీల్లు కొట్టి, యాపమండలు దింపి గాలి ఆడిస్తాను. అప్పుడు నానే దింపుతాను."

నరసింగరావు మా అందరి మొహాలూ చూశాడు. "మొన్న రాయి దేవుడన్నారు. నిన్న నూతికి మూత వేశారు. ఇవాళ దీపం ఆరింది. గంట ఆగితే దెయ్యం ఉందంటారా?"

"అది నాటకం కాదు బాబూ. నా నూతులు నాకు తెలుసు."

"నాకూ గోతులు తెలుసు, ఎర్రన్నా. ఆ లాంతరు పొద్దున ఎవడు శుభ్రం చేశాడో గాని ఒత్తి నిండా మసే." టోపీ తీసి బంట్రోతుకిచ్చి, సంచి భుజాన వేసుకుని, మేం దిగే చెక్కపీట మీద కూర్చున్నాడు. "దింపండి."

ఎర్రన్న తాడుకు అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు నేను అన్నాను. ఇది నేనే అన్నాను, ఇంకెవరూ కాదు.

"ఆయనే దింపమంతన్నాడు కదా మావా. దింపుదాం."

దీపం ఆరడం నేను చూశాను. ఎర్రన్న అబద్ధమాడడని తెలుసు. తెలిసే అన్నాను. అంతకు ముందు నెలరోజుల్లో చాలాసార్లు అన్నాను కూడా, "ఆడొక్కడు నేకపోతే మన ఊరు మిగుల్తాది" అని. నా చేతుల్లో తాడు కదిలింది. పోతురాజు, లక్ష్ముడు, గంగులు నాతో కలిపి వదిలారు. ఎర్రన్న "ఒరే! ఒరే!" అంటూనే ఉన్నాడు. గిలక కిర్రుమంటూ తిరిగింది.

కింద సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. రాయి నీళ్ళలో పడిన చప్పుడు. మళ్ళీ రెండు దెబ్బలు. తర్వాత ఏమీ లేదు.

"సార్!" అని ఒక బంట్రోతు అరిచాడు. జవాబు లేదు. మేం తాడు లాగి చూశాం, తేలిగ్గా వచ్చింది. పీట ఖాళీగా ఉంది. రెండో బంట్రోతు జీపు దగ్గరికి పరిగెత్తాడు. మేం నలుగురం కదల్లేదు. గంగులు నెమ్మదిగా అన్నాడు, "మనవేటి సేసినాం? ఆడే దిగినాడు." ఎవరూ, మరిడమ్మ కూడా, కాదనలేదు.

ఎర్రన్న మా మొహాల్లోకి ఒక్కొక్కరిగా చూశాడు. తర్వాత మమ్మల్ని చూడ్డం మానేశాడు. పక్కన కుండలో ఉన్న నీళ్ళు నూతి గోడలకేసి విసిరి కొట్టాడు. ఇంకో కుండ. వేపమండల కట్ట తాడుతో దింపి పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించాడు. పైపంచె తడిపి మూతికి చుట్టుకున్నాడు. తన మోకు నడుముకు కట్టుకుని, రెండో కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇన్రా. ముందు ఆడొస్తాడు. ఆడు పైకొచ్చాకే నాను మోకు లాగుతాను. నన్ను తియ్యాలంటే ముందు ఆడ్ని తియ్యాల. తెలిసినాదా?"

"మావా, నువ్వు దిగొద్దు..."

అప్పటికే రాతికట్టు మీద కాళ్ళు ఆన్చుకుంటూ దిగిపోతున్నాడు.

నేను ఆ తర్వాత చాలాసార్లు లెక్కపెట్టి చూశాను, ఎర్రన్న కింద ఎంతసేపున్నాడా అని. నూరు అంకెలు ఉండొచ్చు. అప్పుడు మాత్రం పొద్దు అక్కడే ఆగిపోయినట్టుంది. మేం మళ్ళీ దింపిన పెద్దతాడుకు ఇంజనీరును ముడేసి రెండుసార్లు కుదిపాడు. నలుగురం లాగాం. మరిడమ్మా వచ్చి పట్టుకుంది, బంట్రోతూ పట్టుకున్నాడు. ఇంజనీరు బరువైన మనిషి. అరచేతుల తోలు లేచిపోయింది. ఆయన మీద ప్రేమతో లాగలేదు. ఆయన కింద ఎర్రన్న ఉన్నాడు, అందుకు లాగాం. అలా లాగుతామని ఎర్రన్నకు తెలుసు.

నరసింగరావు పెదవులు నీలంగా ఉన్నాయి. గట్టు మీద బోర్లా పడేసి వదిలేశాం. మోకు పట్టుకున్నాను. కింద నుంచి కుదుపు రాలేదు. కుదపడం కోసం ఆగకుండా లాగేశాం. ఎర్రన్న గోనెసంచిలా వచ్చాడు. తల ఒక పక్కకి వాలిపోయి, నోట్లో నురగ.

దాలమ్మ చేలకడ్డంపడి పరిగెత్తుకొచ్చింది. తిడుతూనే గుండెల మీద రుద్దింది. "లే! సచ్చిపోనావంటే నిన్ను సంపీగల్ను! లే!" చాలాసేపటికి ఎర్రన్న ఒక్కసారి పెద్దగా గాలి పీల్చాడు. ఆ చప్పుడు చీల్చినట్టుంది. ఆపాటికి నరసింగరావు కక్కుకుని కూర్చున్నాడు. సంచి ఇంకా భుజానే ఉంది. అందులో మూడు నల్లరాళ్ళు. లక్ష్ముడు ఆ సంచి లాక్కోబోయాడు.

"ఒగ్గీరా! ముందు మనిసిని సూడు" అంది మరిడమ్మ.

ఆ రోజునుంచి ఎర్రన్న ఊపిరి బాగుపడలేదు. పది అడుగులు నడిస్తే నిలబడతాడు. నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. వారం తర్వాత ఒకనాడు నేనే అడిగాను.

"మావా, ముడేసినప్పుడు ఆ సంచి తీసీనేకపోనావా?"

"ముడెయ్యడానికే ఊపిరి సాల్నేదు." ఊపిరి తీసుకుని, "సాలినా తియ్యను. నాను ఆడికోసం దిగినాను. రాళ్ళకోసం కాదు."

ఇంకో రోజు తనంతట తానే అన్నాడు: "ఆ పొద్దు నీ మొకం సూస్తే నాకు బయమేసినాదిరా. నూతంటే ఎప్పుడూ బయమెయ్యనేదు."

నెల తర్వాత నరసింగరావు వచ్చాడు. జీపు ఊరి బయట ఆపి నడిచొచ్చాడు. ఎర్రన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. దాలమ్మ పీట వెయ్యలేదు.

"కంపెనీకి రాసేశాను ఎర్రన్నా. ఉన్నది ఉన్నట్టు రాశాను. లేదని రాయలేకపోయాను. నీ ముందు చెప్పకుండా ఉండలేక వచ్చాను."

దాలమ్మ చేతిలో చీపురు ఉంది. "నీకు పానం పోసినోడి కొంప తీసి, కబురు సెప్పడానికొచ్చినావా?" అంది. నరసింగరావు తల వంచుకున్నాడు.

ఎర్రన్న మాత్రం తిట్టలేదు. "ఇంజిను ఎప్పుడెడతారు?" అని అడిగాడు.

"వానలు వెళ్ళాక. కార్తీకం దాటాక."

"ఎంత లోతు తోడతాది?"

నరసింగరావు చెప్పకూడదేమో. చెప్పాడు. "మొదటి ఏడాది, నీ లెక్కలో పదకొండు నిలువులు."

ఆయన వెళ్ళాక ఎర్రన్న నన్ను పంపి ముగ్గురినీ పిలిపించాడు. మేం నలుగురం మంచం ముందు నిలబడ్డాం. ఎర్రన్న ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. మరిడమ్మ నుయ్యి తొమ్మిది నిలువులుంది. పద్నాలుగు చెయ్యాలి, ఇంజను కూర్చునే లోపల. తర్వాత మిగతా నూతులు. "నాను దిగనేను. మీరు దిగుతారు. నాను గట్టు మీద కూకుంటాను."

"కంపెనీ ఇంకా లోతుకి ఎలిపోతే?" అన్నాడు పోతురాజు.

"మనవూ ఎల్దుం."

శ్రీకాకుళం కలెక్టరుకు అర్జీ కూడా పెట్టాం. నేనే రాశాను. ఇరవైమూడు ఇళ్ళవాళ్ళూ వేలిముద్రలు వేశారు. అందిందని ఒక కార్డు వచ్చింది. అంతే.

వాన నీరు దిగేదాకా ఆగి, ఆశ్వయుజంలో మొదలుపెట్టాం. రోజూ పొద్దున్నే ఎర్రన్నను మంచంతో సహా మోసుకొచ్చి గట్టు మీద దింపేవాళ్ళం. లాంతరు దింపి, ఆరకుండా పైకి వస్తేనే దిగనిచ్చేవాడు. వంతులవారీగా దిగాం. పలుగు పట్టడం నాకు చాతకాదు. నల్లపట్టీని కొడితే పలుగు వెనక్కి తన్నేది. ఈసారి రాళ్ళు దాచలేదు. గట్టు పక్కనే కుప్ప పోశాం, దారినపోయే ఎవరైనా చూసేలా.

కార్తీక బహుళంలో పదకొండో నిలువు తవ్వుతున్నాను. పాదాల కింద నేల సన్నగా అదరడం మొదలైంది. పలుగు ఆపి గోడకి చెవి ఆన్చాను. ధన్ ధన్ ధన్ ధన్. మరిడమ్మ చేనుకు అవతల ఇంజను పెట్టేశారు. చెప్పిన దానికన్నా ముందే పెట్టేశారు. నా మడమల చుట్టూ ఉన్న నీరు చిన్న చిన్న అలలుగా వణుకుతోంది. ఇంకా మూడు నిలువులుంది.

పైన గుండ్రటి వెలుగులోకి ఎర్రన్న తల వంగింది. అతనికీ వినపడి ఉంటుంది.

"ఆగిపోనావేటిరా?" అన్నాడు, ఊపిరి కూడదీసుకుని. "తవ్వు."